తొలి నవల – కథకుని స్థానం

నవలారచన నేర్పే గ్రంథాలకు ఇప్పుడు కొరత లేదు. ఇతివృత్తం, పాత్రచిత్రణ, సంభాషణ, సంఘర్షణ, పరాకాష్ఠ అని ప్రకరణాలు విభజించి ఇవి శిల్పాన్ని బోధిస్తాయి. తొలి నవలకు పూనుకున్న రచయిత వాటిని శ్రద్ధగా చదువుతాడు. పాత్రల వయస్సులు, చుట్టరికాలు ఒక కాగితం మీద వేసుకుంటాడు. ఏ ప్రకరణంలో ఏమి జరగాలో ముందే నిర్ణయించుకుంటాడు. ఇంత సన్నాహం చేసుకొని మొదటి వాక్యం వ్రాయటానికి కూర్చునేసరికి ఆ గ్రంథాలలో దేనిలోనూ ప్రస్తావన లేని చిక్కు ఒకటి ఎదురవుతుంది. రంగయ్య తలుపు తోసుకొని లోపలికి వచ్చాడు అనాలా, వచ్చారు అనాలా? తరువాతి వాక్యంలో రంగయ్యను అతడు అనాలా, ఆయన అనాలా, వాడు అనాలా? ఆంగ్లంలో ఈ ప్రశ్న పుట్టదు. అక్కడ ఒకే సర్వనామం జమీందారుకూ, బంట్రోతుకూ, బడికి వెళ్ళే పిల్లవాడికీ సరిపోతుంది. తెలుగు కథకుడు మాత్రం తాను ఎవరో, ఆ పాత్రకు ఎంత దూరంలో నిలుచున్నాడో తేల్చుకోకుండా ఒక్క క్రియాపదాన్నయినా ముగించలేడు.

ఇది వ్యాకరణానికి చెందిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని నవలాశిల్పంలో అన్నిటికంటె మౌలికమైన ప్రశ్న ఏది? ఈ కథను ఎవరు చెబుతున్నారు, ఎక్కడ నిలబడి చెబుతున్నారు అన్నదే. తెలుగు రచయితకు ఆ ప్రశ్న మొదట వ్యాకరణరూపంలోనే ఎదురవుతుంది. భారతీయ భాషలలో నవలను తొలిసారిగా చేపట్టినవారు కూడా తమ తమ భాషలలో ఇటువంటి చోటనే తడబడ్డారు. వారికి గురువులు లేరు, లక్షణగ్రంథాలు లేవు. చేతిలో ఉన్నవి కొన్ని ఆంగ్ల నవలలు, చెవిలో ఉన్నది ఇంటి భాష. ఈ రెండూ పొసగని చోట ఆగి ఆలోచించటమే వారికి విద్యాభ్యాసమయింది.

బంకించంద్రుల తొలి నవల వంగభాషలో వ్రాసినది కాదు. 1864లో 'ఇండియన్ ఫీల్డ్' అనే పత్రికలో ప్రకటితమైన 'రాజ్‌మోహన్స్ వైఫ్' అనే ఆంగ్ల నవల అది. పల్లెటూరి గృహిణి ఒకామె కథ. పరభాషలో అటువంటి కథ చెప్పేవాడికి పెరడూ, వంటిల్లూ, చెరువుగట్టూ అన్నీ ఎవరో అతిథికి తన ఇల్లు చూపించినట్లు చూపించక తప్పదు. ఇంటివాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకొనే మాట ఆ అతిథి ఎదుట కొంత బిగుసుకుపోతుంది. మరుసటి యేడు, అనగా 1865లో, 'దుర్గేశనందిని' వంగభాషలో వెలువడింది. ఆ తరువాత ఆయన నవలలన్నీ వంగభాషలోనే వచ్చాయి. ఆంగ్ల నవల ఆయన జీవితకాలంలో పుస్తకరూపం పొందనే లేదు. దానిని వృథా శ్రమ అని తీసివేయటం న్యాయం కాదు. ఎవరిని ఎదుట కూర్చోబెట్టుకొని కథ చెప్పాలో తెలుసుకోవటానికి బంకించంద్రులు చెల్లించిన రుసుము అది.

ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ మలయాళంలో ఉన్నది. ఒయ్యారత్తు చందుమేనోన్ గారు మలబారులో మునసబు. 1886 చివరి నుంచి తీరిక దొరికినప్పుడల్లా ఆయన ఆంగ్ల నవలలు విపరీతంగా చదవసాగారు. దాని వల్ల ఇంటివారితోనూ ఆత్మీయులతోనూ గడిపే కాలం తగ్గింది. వారిని సంతృప్తి పరచటానికి తాను చదివిన కథలను మలయాళంలో నోటితో చెప్పటం మొదలుపెట్టారు. మొదటి రెండు మూడు కథలు వినేవారికి రుచించలేదు. తరువాత బీకన్స్‌ఫీల్డ్ ప్రభువు వ్రాసిన 'హెన్రియెట్టా టెంపుల్' వారిని ఆకర్షించింది. దానిని అనువదించి ఇమ్మని ఒత్తిడి చేశారు. చందుమేనోన్ గారు అనువాదానికి పూనుకొని, కొంత దూరం పోయి, విరమించారు. ఆయన చెప్పిన కారణం రచయితలందరూ గుర్తుంచుకోదగినది. నోటితో చెబుతున్నప్పుడు కంఠస్వరం మార్చవచ్చు, చేతులు తిప్పవచ్చు, మధ్యలో ఆగి ఇంగ్లీషు వారి ఆచారమేదో విడమరచి చెప్పవచ్చు. కాగితం మీద పెట్టేసరికి ఆ సహాయాలన్నీ మాయమయ్యాయి. ఇక ప్రేమ ఘట్టాలలో ఆంగ్ల స్త్రీపురుషులు మాట్లాడుకొనే మాటలను మలయాళంలో యథాతథంగా పెడితే చదివేవారికి అవి ఎబ్బెట్టుగా ఉంటాయి.

అనువాదం మానివేసి ఆయన సొంత నవల వ్రాయటానికి సంకల్పించారు. 1889 జూన్ 11న ప్రారంభించి ఆగస్టు 17న ముగించారు. అదే 'ఇందులేఖ'. మరుసటి సంవత్సరమే డ్యూమెర్గ్ అనే ఆంగ్లేయ అధికారి దానిని ఆంగ్లీకరించాడు. రెండు నెలల పైచిలుకులో అంత గ్రంథం సాగటం చూసి వేగాన్ని మెచ్చుకోవటం పరిపాటి. నిజానికి ఆ గ్రంథానికి అభ్యాసం అంతకుముందు రెండేళ్ళకు పైగా జరిగింది. ఇంటివారు ఆవలించిన కథలు రెండు మూడు, నచ్చిన కథ ఒకటి, చెడిపోయిన అనువాదం ఒకటి. ఏ కళాశాలలోనూ ఇంతకంటె చక్కని పాఠ్యక్రమం దొరకదు. వినేవారు ఎక్కడ ఆవలిస్తారో ఎరిగినవాడు ఆయన. అందుకే సంస్కృత పదాలతో నింపిన గంభీర శైలిని కాదని తాను ఇంట్లో మాట్లాడే మలయాళంలో కథ నడిపించారు. నిత్యం జరిగే సంగతులు కథగా వ్రాస్తే ఎవరు చదువుతారని అడిగినవారికి పీఠికలో చిత్రలేఖనాన్ని ఉపమానంగా చూపి బదులు చెప్పారు. నరసింహమూర్తి వంటి అద్భుత రూపాల పటాలకు అలవాటు పడ్డ కన్నులే, ఉన్నవాటిని ఉన్నట్లు చూపే తైలవర్ణ చిత్రాలను చూసిన మీదట వాటిని ఇష్టపడసాగాయి గదా అని ఆ సమాధానపు సారాంశం.

అంతటి రచయిత కూడా ఒక చోట జారిపోయారు. 'ఇందులేఖ' పదునెనిమిదవ ప్రకరణంలో మాధవుడూ, అతని తండ్రీ, మరొక బంధువూ కలిసి దేవుడున్నాడా అన్న విషయం మీదా, కాంగ్రెసు మహాసభ మీదా సుదీర్ఘమైన చర్చ సాగిస్తారు. కథ ఆగిపోతుంది. ఆ కాలపు ఆలోచనలు తెలుసుకోగోరే చరిత్రకారునికి అది నిధి. ఇందులేఖ ఏమయిందో తెలుసుకోగోరే పాఠకుడికి అది అడ్డుగోడ. తొలి నవల వ్రాసే వారందరికీ అటువంటి ప్రకరణం ఒకటి ఉంటుంది. తనకు తెలిసినదంతా మళ్ళీ చెప్పే అవకాశం రాదేమో అన్న భయం దానికి మూలం.

తెలుగులో పరిస్థితి మరొక విధంగా ఉండేది. 1872 నాటి నరహరి గోపాలకృష్ణమ సెట్టి గారి 'శ్రీరంగరాజ చరిత్రము' మొదటి నవలా, కందుకూరి వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' మొదటి నవలా అన్న వాదంతో ఇక్కడ పని లేదు. పంతులుగారి గ్రంథం 1878లో 'వివేకవర్ధని'లో ధారావాహికగా వెలువడి, 1880లో పుస్తకమయింది. గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' దానికి ప్రేరణ. అయితే కుటుంబ పెద్ద ఆస్తి పోగొట్టుకొని ఇల్లు విడిచి పోవటమనే చట్రాన్ని గ్రహించి పంతులుగారు దానిలో గోదావరి తీరాన్ని నింపారు. బంగారం చేస్తానని బైరాగి మోసగించటం, శకునాలు, జాతకాలు, కాశీయాత్రకు బయలుదేరటం – ఇవి ఆంగ్ల నవలలో దొరికేవి కావు. ఆయన దీనిని వచనప్రబంధమన్నారు. 'నవల' అనే మాటను ఈ ప్రక్రియకు పేరుగా వాడినవారు దీనిని విమర్శించిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు. పేరు కూడా స్థిరపడని ప్రక్రియను చేపట్టటమంటే ఎంత సాహసమో ఊహించవచ్చు.

కాని రాజశేఖరుని ఇంటివారు గ్రాంథికంలో మాట్లాడుకుంటారు. భర్త భార్యతోనూ, తల్లి కూతురుతోనూ, దారిలో కలిసినవారు ఒకరితో ఒకరూ అదే పలుకుబడి. పంతులుగారికి వాడుక భాష చేతకాక కాదు. 'బ్రాహ్మవివాహము', 'వ్యవహార ధర్మబోధిని' వంటి ప్రహసనాలలో వారు జనం మాట్లాడే భాషను మాట్లాడేవారి నోట ఉన్నదున్నట్లు పెట్టారు. ఒకే చేయి ప్రహసనంలో ఒక విధంగా, నవలలో మరొక విధంగా వ్రాసింది. నవ్వించటానికి వాడుక మాట, గౌరవించటానికి గ్రంథభాష అన్న విభజన ఆ కాలపు మనస్సులో పాతుకొని ఉన్నది. ఈ విభజన అప్పటితో పోయిందనుకోవటం పొరపాటు. ఇప్పటి క్రొత్త రచయిత వ్రాతప్రతిలో కూడా పనిమనిషి, రిక్షావాడు, పల్లెటూరి ముసలమ్మ మాత్రమే యాసతో మాట్లాడతారు. కథానాయకుడు పాఠ్యపుస్తకంలా మాట్లాడతాడు. యాస ఒక్కచోటనే ఉన్నదంటే దానిని రచయిత నవ్వు కోసమో, జాలి కోసమో తెచ్చిపెట్టుకున్నాడన్నమాట.

కథకుని స్థానమంటే ఏమిటో పూర్తిగా గ్రహించి దానితో ఆడుకున్న మొదటి భారతీయ నవలాకారులలో ఒరియా రచయిత ఫకీర్‌మోహన్ సేనాపతి గారిని ముఖ్యంగా చెప్పాలి. ఆయన 'ఛమాణ ఆఠగుంఠ' 1897 నుంచి 1899 వరకు 'ఉత్కల సాహిత్య' పత్రికలో ధూర్జటి అనే మారుపేరుతో వచ్చి, 1902లో పుస్తకమయింది. భగియా, సారియా అనే సాలెదంపతుల ఆరెకరాల చిల్లర భూమిని రామచంద్ర మంగరాజు అనే జమీందారు కాజేయటం కథ. దీనిని చెప్పే కథకుడు మంగరాజును తిట్టడు, పొగుడుతాడు. ఆయన ఎంతటి భక్తుడంటే ఏడాదిలో ఇరవైనాలుగు ఏకాదశులూ ఉపవాసమే, తులసీ నీరూ తప్ప ముట్టడంటాడు. అంతలోనే, ఏకాదశి రాత్రి పడకగదిలో పాలూ, అరటిపండ్లూ ద్వాదశి పారణకని పెడతారనీ, తెల్లవారేసరికి గిన్నెలు ఖాళీగా కనిపిస్తాయనీ మంగలి నోట విన్న మాటగా జారవిడుస్తాడు. విడిచి, అయ్యో, పెద్దల విషయంలో ఇటువంటి అనుమానాలు తగవని తానే సమర్థించబోతాడు. ఆ సమర్థన వల్ల మంగరాజు పరువు ఇంకా పోతుంది. కథకుడు గ్రామంలోని భయస్థుడైన పండితుని స్థానంలో నిలుచున్నాడు. అతని భయమే పాఠకుడికి మంగరాజు అధికారాన్ని ఏ వర్ణనా అవసరం లేకుండా తెలియజేస్తుంది. దుర్మార్గుని దుర్మార్గుడని వ్రాసి ఉంటే అది ఫిర్యాదు పత్రం అయ్యేది.

ఈ పని తెలుగులో ఎంత తేలికగా జరగవచ్చునో గమనించాలి. 'పెద్దకాపు ఏకాదశినాడు మంచినీళ్ళయినా ముట్టడు' అంటే కథకుడు హామీ ఇస్తున్నాడు. 'ముట్టడట' అంటే హామీ పోయింది, ఊరంతా వచ్చి వాక్యంలో నిలుచున్నది. ఒక్క టకారం చేసిన పని అది. అమ్మమ్మలు కథ చెప్పేటప్పుడు 'అనగనగా ఒక రాజు ఉన్నాడట' అని ఈ టకారంతోనే మొదలుపెడతారు. జరిగినదానికి తాము సాక్షులం కామని ముందే చెప్పి, ఆ తరువాత ఎంత అద్భుతమైనా చెబుతారు. ఇంతటి పరికరం భాషలో ఉండగా దానిని సంభాషణలకు మాత్రమే పరిమితం చేసి, కథనాన్నంతా సర్వజ్ఞుని ధోరణిలో నడపటం ఆంగ్ల నవల నుంచి వచ్చిన అలవాటు.

సర్వనామం మరింత లోతైనది. తెలుగులో పురుషుని గురించి చెప్పటానికి వాడు, అతడు, అతను, ఆయన, వారు అనే మెట్లున్నాయి. స్త్రీ విషయంలో అది, ఆమె, ఆవిడ, వారు. క్రియ కూడా ఈ మెట్లను అనుసరిస్తుంది. కథకుడు కరణాన్ని ఆయన అని, కరణం ఇంటి పాలేరును వాడు అని వ్రాశాడనుకోండి. ఇద్దరిలో ఎవరి పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడో ఆ రెండు మాటలే చెప్పేశాయి. పాలేరు కష్టాల మీద ఎంత సానుభూతి కురిపించినా తరువాత లాభం లేదు. సానుభూతి ఒక వైపు, వ్యాకరణం మరొక వైపు లాగుతుంటాయి. పోనీ అందరినీ అతడు అని సమం చేయవచ్చును. చాలమంది చేస్తున్నదీ అదే. దానికి ప్రయోజనం లేకపోలేదు. కాని ఊళ్ళో ఎవరూ ఎవరినీ అతడు అనరు. వాడంటారు, ఆయనంటారు, ఫలానా మామ అంటారు. కథనంలో అందరూ సమానులై, సంభాషణలో మళ్ళీ విడిపోతే, ఆ రెంటి నడుమ ఉన్న దూరాన్ని రచయిత తెలిసి ఉంచాడా, తెలియక వదిలాడా అన్నది పాఠకుడు ఇట్టే పసిగడతాడు. (విమర్శకులు రచయితలను ఆయన అనీ, పాత్రలను అతడు అనీ వ్రాయటం కూడా ఇటువంటి మర్యాదే. అందులో తర్కం వెతకనక్కరలేదు.)

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో కారాగారంలో ఉండి 'మాలపల్లి' వ్రాసినప్పుడు ఈ ప్రశ్న ఆయన ఎదుట తప్పక నిలిచి ఉండాలి. అగ్రవర్ణాలవారు ఊరివెలుపలి వృద్ధుణ్ణి కూడా ఒరే అని పిలిచే కాలం. రామదాసు వంటి జ్ఞానవృద్ధుణ్ణి నవలకు కేంద్రంగా నిలపటమంటే ఇతివృత్తంలో మాత్రమే జరిగే మార్పు కాదు. అతని పేరు వచ్చిన ప్రతి వాక్యం చివరా ఒక నిర్ణయం జరగాలి. గుంటూరు మండలపు వాడుక మాటను అంత పెద్ద గ్రంథానికి భారవాహనం చేయటం కూడా అదే సాహసంలో భాగం. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. తొలి నవల వ్రాయబోయేవారు పెన్సిలు చేతబట్టి, సర్వనామాలూ క్రియల చివరి అక్షరాలూ మాత్రమే గుర్తు పెట్టుకుంటూ 'మాలపల్లి'ని ఒకసారి చదివితే పది లక్షణగ్రంథాలు చదివిన ఫలం దక్కుతుంది. దాశరథి రంగాచార్యగారి 'చిల్లర దేవుళ్ళు'ను కూడా అట్లాగే చదవవచ్చు. అందులో దొర ఎదుట నోరు విప్పే ప్రతి పాత్రా, పిలుపులోనే, నిజాము నాటి తెలంగాణ గ్రామవ్యవస్థను పలుకుతుంది.

స్త్రీ దృష్టి నుంచి కథ చెప్పినప్పుడు ఈ మెట్లు మరొక విధంగా పనిచేస్తాయి. పేరు చెప్పకుండా, ముందు ప్రస్తావన లేకుండా, 'ఆయన ఇంకా రాలేదు' అని ప్రకరణం మొదలైతే ఆ ఆయన భర్త అని తెలుగు పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. పరిచయం, వివాహం, వయోభేదం, ఇంటి మర్యాద అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అదే ప్రకరణంలో, కోపం ముదిరిన చోట, ఆమె మనస్సులో భర్త ఆయన నుంచి అతను అయితే జరిగినదేమిటో రచయిత వివరించే పని లేదు. చందుమేనోన్ గారు ఆంగ్ల ప్రేమికుల మాటలను అనువదించలేక వదిలిపెట్టింది ఈ సంపద ఆంగ్లంలో లేకపోవటం వల్ల కూడా అయి ఉండవచ్చు. పేరు పెట్టి పిలుచుకొనే దంపతులను, పేరు ఉచ్చరించటమే తప్పయిన సమాజంలోకి తేవటం ఎట్లా?

ఇక మనస్సు లోపలి సంగతి. ఆంగ్లంలో ఒకే సర్వనామం పాత్రను బయటినుంచి చూసేటప్పుడూ, లోపలినుంచి చెప్పేటప్పుడూ వస్తుంది. పాఠకుడు సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. తెలుగుకు 'తాను' ఉన్నది. 'రామారావు కిటికీ దగ్గర నిలబడ్డాడు. అతనికి ఉత్తరం రాలేదు' అంటే కథకుడు చెబుతున్న వార్త. 'రామారావు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తనకు ఉత్తరం రాలేదు' అంటే వార్త కాదు, రామారావు గుండెలో కలుక్కుమన్నది. 'అనుకున్నాడు' అన్న తోక లేదు, ఉద్ధరణ చిహ్నాలు లేవు. అతను అన్న గుమ్మం దాటి తాను అన్న గదిలోకి కథకుడు చప్పుడు చేయకుండా ప్రవేశించాడు. తెలుగులో మనోవైజ్ఞానిక నవల నిలదొక్కుకోవటానికి ఈ ద్వారం ఎంత తోడ్పడిందో విమర్శకులు తగినంతగా గమనించలేదు. ఫ్రాయిడునూ, జేమ్స్ జాయిస్‌నూ తలచినంతగా తాను అనే మాటను తలచలేదు.

గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' 1947 నాటిది. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి' తరువాతి దశకంలోనిది. ఈ రెండు శీర్షికలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి. అసమర్థుడు, అల్పజీవి. రెండూ తీర్పులే. బయట నిలబడి, కొంచెం ఎత్తునుంచి, కథానాయకుణ్ణి చూసి చెప్పిన మాటలే. కాని పుస్తకం తెరిచాక సీతారామారావు వాదనలూ, సుబ్బయ్య భయాలూ పాఠకుణ్ణి లోపలికి లాగుతాయి. తీర్పు అట్ట మీద ఉన్నది, సాక్ష్యం అంతా లోపల ఉన్నది. సుబ్బయ్య పిరికితనం ఎవరిదో కాదని తెలిసేసరికి శీర్షిక చదువరినే పేరు పెట్టి పిలిచినట్లవుతుంది. ఈ దూరమూ, ఈ చేరువా ఒకేసారి సాధించటం విశ్వనాథశాస్త్రిగారికి మొదటి నవలలోనే సాధ్యమయింది. అంతకుముందు వ్రాసిన కథలలో చేయి తిరగటం దానికి కొంత కారణం. బుచ్చిబాబు గారిది మరొక మార్గం. ఆయన వ్రాసిన ఒకే ఒక నవల 'చివరకు మిగిలేది'. దానిలో దయానిధి అనుభవమే కొలత. ఇతర పాత్రలు అతని జ్ఞాపకం మీద, అతని ఆలోచన మీద పడిన నీడల వలె కదలుతాయి.

1969లో వెలువడిన నవీన్ గారి 'అంపశయ్య' కూడా తొలి నవలే. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహంలో రవి అనే విద్యార్థి నిద్రలేచింది మొదలు సుమారు పదహారు గంటల కాలం అందులో ఉన్నది. దేశాలు తిరగటం లేదు, తరాలు మారటం లేదు. తొలి నవల వ్రాసేవాడు అవధిని ఇంత కురచగా కత్తిరించుకోవటం తెలివైన పని. కాలం కురచ కాగానే ఇతివృత్తం మీద ఆధారపడే వీలు పోతుంది. వాక్యం తరువాత వాక్యాన్ని రవి చైతన్యమే మోయాలి. ఆ పుస్తకం పేరే రచయిత ఇంటిపేరుగా మారటం సాహిత్య చరిత్రలో అరుదైన గౌరవం. అయితే దానిని చూసి ప్రతి క్రొత్త రచయితా ఒక రోజు నవలకు పూనుకుంటే ప్రమాదమే. ఆలోచనలను వరుసగా పేర్చినంత మాత్రాన మనస్సు కనిపించదు. ఏ ఆలోచన తెగిందో, ఎక్కడ తెగిందో, ఏ చప్పుడు విని తెగిందో తెలియాలి.

ధారావాహికల వల్లనూ, పోటీల వల్లనూ కలిగే మేలు, కీడు వేరొక వ్యాసానికి తగిన విషయం. 'చింతామణి' పత్రిక నవలల పోటీ చిలకమర్తివారి 'రామచంద్ర విజయము'ను వెలికి తెచ్చిందనీ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో 'వేయి పడగలు', 'నారాయణరావు' బహుమతిని పంచుకున్నాయనీ మాత్రం ఇక్కడ స్మరించటం చాలు. గడువు రచయితను పట్టి కూర్చోబెడుతుంది. ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పదు.

ఆ చోటు వెతుక్కోవటానికి అభ్యాసంగా ఒక పని చేయవచ్చు. వ్రాసిన ప్రకరణాలలో అన్నిటికంటె నిర్జీవంగా తోచినదాన్ని ఒకటి తీసుకొని, సంఘటనలు మార్చకుండా, దానిని మూడు విధాల తిరిగి వ్రాసి చూడాలి. ఒకసారి కథకుణ్ణి నాయకుని కంటె వయస్సులో పెద్దవాణ్ణి చేసి, ఒకసారి అదే వీధిలో ఉండి అన్నీ విన్నవాణ్ణి చేసి, ఒకసారి 'తాను' తప్ప మరొక సర్వనామం లేకుండా. మొదటిదానిలో క్రియల చివర డువర్ణం నిలుస్తుంది, రెండవదానిలో టకారాలు పుట్టుకొస్తాయి, మూడవదానిలో సంభాషణ తగ్గిపోతుంది. తరువాత చందుమేనోన్ గారు చేసినట్లు ఆ మూడింటినీ ఇంటివారికి, ముఖ్యంగా నవలలు చదివే అలవాటు లేనివారికి, పైకి చదివి వినిపించాలి. అభిప్రాయం అడగనక్కరలేదు. ఎక్కడ దృష్టి మరల్చారో చూస్తే చాలు.

పెద్ద కాలవ్యవధి గల నవలలో మరొక సమస్య ఉన్నది. కొడవటిగంటి కుటుంబరావుగారి 'చదువు' సుందరం బాల్యంతో మొదలై అతని యౌవనం దాకా నడుస్తుంది. అటువంటి నవలలో అక్షరాభ్యాసం నాడు పీట మీద కూర్చున్న పిల్లవాణ్ణి కథకుడు వాడు అనవచ్చు. అందులో చనువే ఉన్నది. ఇరవై ఏళ్ళు నిండి, పెళ్ళయి, ఉద్యోగం కోసం తిరుగుతున్నప్పుడు కూడా వాడు అంటే చనువు చులకన అవుతుంది. మొదటి పుట నుంచే అతను అంటే పసితనం కనిపించదు. ఎక్కడో ఒకచోట వాడు అతను కావాలి. తండ్రి చనిపోయిన ప్రకరణంలోనా, మొదటి జీతం తెచ్చిన నాడా, ఊరు విడిచి రైలెక్కిన రాత్రా, లేక ఏ విశేషమూ లేని మామూలు మధ్యాహ్నం, భోజనానికి పిలిచిన తల్లి ఒక్క క్షణం తటపటాయించినప్పుడా?